అసలు – నకలు



నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొను మనుష్యుడను. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ గ్రంథాలయపు బీరువాలు పెట్టిన భిక్ష. కావున ఈ రజతోత్సవ వేళ ఒక లెక్కల మాటనే విన్నవించెదను.

మొన్న కార్యవర్గ సమావేశమున ఒక యువకుడు, "పుస్తకములన్నియు సెల్‌ఫోనులోనే దొరకుచుండగా క్రొత్తవి కొనుటకు సొమ్మేల?" అని ప్రశ్నించెను. ప్రశ్న సబబైనదే. దానికి నాకు తోచిన సమాధానమిది.

పూర్వము నకలు తీయుట కష్టము. తాటాకుపై గంటముతో ఒక్కొక్క అక్షరమే వ్రాయవలెను. పోతనామాత్యుని భాగవతమున కొన్ని భాగములు శిథిలము కాగా గంగన, సింగన, నారయలు పూరించిరని పెద్దలు చెప్పుదురు. వేరొక ప్రతి యుండినచో ఆ లోటు కలుగకపోవును గదా! 19వ శతాబ్దమున బ్రౌను దొర కడపలో పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించెను. అనగా నాడు నకలుకును వెల యుండెను.

కంప్యూటరు ఆ వెలను దాదాపు సున్న చేసినది. స్కాను చేసిన వేలకొలది పాత తెలుగు గ్రంథములు నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితముగా లభించుచున్నవి. నేను ఏండ్ల తరబడి వెదకి విసిగిన ఒక వ్యాఖ్యానమును, నేను భోజనము ముగించులోపల నా మేనల్లుడు తెచ్చి చూపెను. నా కన్నులు చెమర్చినవి. ఈ మేలును కాదనువాడు కృతఘ్నుడు.

అయితే నకలు చవుకయైనంత మాత్రమున అసలు చవుక కాలేదు. ఒక నవల వ్రాయుటకు నేటికిని రెండేండ్లు పట్టవచ్చును; ఆ రెండేండ్లును రచయితకు ఆకలి వేయును. పుస్తకము వెలువడిన వారమునకే ఎవరో దానిని పీడీఎఫ్ చేసి వాట్సాపులో పంపుదురు. వందమంది చదువుదురు, పదిమంది మెచ్చుకొందురు, ఒక్కరును కొనరు. చదివినవారికి అంతయు జమయే. వ్రాసినవానికి అంతయు ఖర్చే. ఇట్టి చిట్టాను ఏ తనిఖీదారుడును ఒప్పుకొనడు.

చట్టము ఈ భేదమును ఎరుగును. 1957 నాటి కాపీరైటు చట్టము, 1992 నాటి సవరణతో, రచయిత గతించిన పిదప 60 ఏండ్ల వరకు హక్కును నిలిపినది. ఆపైన గ్రంథము లోకము సొత్తు. సినిమా పాట హాలు వెలుపల వినియోగమైనపుడు, వ్రాసినవారికిని బాణీ కట్టినవారికిని ప్రతిఫలములో వాటాను 2012 నాటి సవరణ కల్పించినది. కాని చట్టము ఇంటింటి సెల్‌ఫోనుకును కావలి కాయజాలదు.

ఇప్పుడు కృత్రిమ మేధ కథలును పాటలును అల్లుచున్నది. అదియు మనుష్యులు వ్రాసినవానినుండియే నేర్చినది. అసలు వ్రాయువారే కరవైనచో, నేర్చుకొనుటకు ఎవరికి మాత్రము ఏమి మిగులును?

కావున కార్యవర్గమునకు నా మనవి. హక్కు తీరిన ప్రాచీన గ్రంథములను కంప్యూటరులో చదివింతము. వానికి పైకము వలదు. అట్లు మిగిలిన సొమ్ముతో, నేడు మన నడుమ జీవించియున్న రచయితల పుస్తకములు కొందము. మెచ్చుకోలు వడ్డీ వంటిది. అది ఎంత చెల్లించినను అసలు తీరనిదే ఋణము తీరదు.

సెలవు.