ముందు ఇండెంట్, తర్వాత గింజ

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో కూరగాయల నారు పెంపకంపై చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పొదుపు లెక్కలు, అప్పుల రికవరీ విన్నాం. ఇప్పుడు కాసేపు మట్టి మాట మాట్లాడుకుందాం. నాకు ఇచ్చిన విషయం కూరగాయల నారు. గింజ వేసి నీళ్లు పోయడం ఈ సభలో ఎవరికీ నేర్పక్కర్లేదు. అమ్మమ్మల కాలం నుంచి చేస్తున్న పనే. అయితే పెరట్లో నాలుగు వంగ మొక్కలకు నారు పోయడం వేరు, పదిమందికి అమ్మేలా నారు పెంచడం వేరు. చాలా సంఘాలు నారు పెంపకానికి అప్పు అడుగుతున్నాయి కాబట్టి ఆ తేడా ఏమిటో ముందు తెలుసుకోవాలి.

నారుకు ఒక గుణం ఉంది. అది ఆగదు. పచ్చడి పెడితే ఏడాది ఆగుతుంది. చీర అమ్ముడుపోకపోతే వచ్చే పండక్కి అమ్ముతాం. టమాట నారు ఇరవై ఐదు రోజులకు నాటడానికి వస్తుంది. ఇంకో వారం, పది రోజులు ట్రేలోనే ఉంటే వేళ్లు చుట్టుకుపోయి, కాండం ముదిరి, నాటినా సరిగ్గా కాపు రాదు. అమ్ముకునే గడువు ఆ వారమే. అందుకే నా మాట ఒక్కటే: ముందు ఇండెంట్, తర్వాత గింజ. ఎవరికి, ఏ మొక్క, ఎన్ని, ఏ తారీఖుకు కావాలో పుస్తకంలో రాసుకుని, సగం అడ్వాన్సు తీసుకుని, అప్పుడు ట్రేలో గింజ పెట్టాలి.

ఇక షేడ్‌నెట్ సంగతి. చలి దేశాల్లో అద్దాల ఇళ్లు కట్టి మొక్కలు పెంచుతారు. అక్కడ వాళ్ల బాధ చలి. బయట మంచు పడుతుంటే లోపల వెచ్చగా ఉండాలని ఆ ఏర్పాటు. మన ఇబ్రహీంపట్నంలో ఆ బాధ లేదు. రోహిణి కార్తె ఎండలో రాయి కూడా కాలుతుంది. మనకు కావలసింది నీడ, గాలి, వాన దెబ్బ తగలకుండా కాపు, తెల్లదోమ రాకుండా అడ్డు. అందుకే యాభై శాతం నీడనిచ్చే నెట్ పైన, సన్న కన్నుల నైలాన్ వల చుట్టూ. ఆ వలను దోమతెర లాగే చూడండి. ఎక్కడ చిరిగినా కుట్టాలి, లోపలికి వెళ్లేటప్పుడు తలుపు తెర వేసుకోవాలి. టమాటకు, మిర్చికి ఆకుముడత తెచ్చేది, బెండకు పల్లాకు తెగులు తెచ్చేది ఆ తెల్లదోమే. నారు దశలో వైరస్ ఎక్కిందంటే పొలంలో ఏ మందు కొట్టినా ఆ మొక్క బాగుపడదు. మన దగ్గర నారు కొన్న అక్క రెండు నెలల తర్వాత ఏడవకూడదంటే ఆ వల దగ్గరే జాగ్రత్త పడాలి.

స్థలం ఎంచుకునేటప్పుడు 2024 సెప్టెంబరు గుర్తు పెట్టుకోండి. బుడమేరు గట్లు తెగాయి, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. నీళ్లు దగ్గరని పల్లంలో నెట్ వేయొద్దు. కాస్త మెరక మీద వేసి, ట్రేలను నేల మీద కాకుండా బల్లల మీద పెట్టండి. కొన్న గింజలన్నీ ఒకేసారి పెట్టేయకండి. మూడో వంతు పొడిగా దాచండి. వాన కొట్టుకుపోయినా, నారుకుళ్లు వచ్చినా మళ్లీ పెట్టుకోవడానికి చేతిలో గింజ ఉండాలి. పొదుపులో అత్యవసరానికి కొంత పక్కన పెడతాం చూడండి, అలాంటిదే.

ఇప్పుడు గింజ. ప్యాకెట్ కొనేటప్పుడు బిల్లు తీసుకోండి. ప్యాకెట్ మీద మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ ఉంటాయి. ధ్రువీకరించిన విత్తనానికి మన దేశంలో కనీస మొలక శాతం టమాటకు, వంగకు 70, బెండకు 65, మిర్చికి 60. ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా మన చేత్తో ఒకసారి చూసుకోవాలి. తడిపి పిండిన బట్టలో ఇరవై గింజలు వరసగా పరిచి, చుట్టి, తడి ఆరకుండా పెట్టండి. టమాట వారంలో, మిర్చి, వంగ పది, పన్నెండు రోజుల్లో లెక్క తేలుతుంది. పదహారు మొలిస్తే ఎనభై శాతం. పది కూడా రాకపోతే ఆ ప్యాకెట్‌ను బిల్లుతో సహా వెనక్కి తీసుకెళ్లండి.

ఈ శాతం మనకెందుకో లెక్క చూడండి. టమాట వరసకు వరసకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్లు వదిలితే ఒక సెంటు భూమికి సుమారు 150 మొక్కలు పడతాయి. మన ప్రోట్రేకు 98 గుంటలు. రెండు ట్రేలంటే 196 గింజలు. ఎనభై శాతం మొలిస్తే 156 మొక్కలు, సెంటుకు సరిపోతాయి. డెబ్బై శాతమే మొలిస్తే 137. తక్కువ పడ్డాయి, ఇండెంట్ ఇచ్చిన అక్కకు మాట పోయింది. అందుకే మొలక శాతం చూశాకే ఎన్ని ట్రేలు నింపాలో తేల్చుకోవాలి.

ట్రేలో బాగా తడిపిన కొబ్బరి పొట్టు నింపి, గుంటకు ఒక్క గింజ, అర సెంటీమీటరు లోతున పెట్టండి. లోతుగా పెడితే రాదు. ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ షీటు కప్పండి. టమాటకు మూడు నాలుగు రోజులు, మిర్చి, వంగకు వారం దాకా పడుతుంది. రోజూ షీటు ఎత్తి చూడాలి. మొదటి మొలక తల ఎత్తిన రోజే ట్రేలు పరిచేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా చీకట్లో పీలగా సాగిపోతాయి, అవి నిలబడవు.

నీళ్లు సన్నటి చిల్లుల డబ్బాతో పొద్దున, సాయంత్రం చూసి పోయాలి. వేలు పెట్టి చూడండి. తడి ఉంటే పోయకండి. మొలక మొదట్లో మెత్తబడి పడిపోయే నారుకుళ్లుకు ఎక్కువ తడే కారణం. గింజను ముందే ట్రైకోడెర్మాతోనో బీజామృతంతోనో శుద్ధి చేస్తే ఆ బాధ తగ్గుతుంది. నాటే ముందు చివరి ఐదారు రోజులు నీళ్లు తగ్గించి, ఎండకు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. నీడలోంచి తీసి నేరుగా పొలంలో పెడితే వాడిపోతుంది.

అన్నింటికీ ట్రే అక్కర్లేదు. బెండ, చిక్కుడు, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర, పాలకూర, ముల్లంగి నేరుగా మడిలోనే వేసుకోండి. వీటికి నారు పేరుతో డబ్బు పెట్టొద్దు.

తారీఖులు వెనక్కి లెక్కపెట్టుకోవాలి. జులై 15న నాట్లు అనుకుందాం. మిర్చికి నలభై రోజులు కావాలి కాబట్టి జూన్ 5న గింజ పెట్టాలి. వంగ జూన్ 12న, టమాట జూన్ 20న. మూడూ ఒకే రోజు పెడితే టమాట ముదిరిపోతుంది, లేదా మిర్చి పసిదిగా ఉంటుంది. ఈ మూడు తారీఖులు గోడ మీద పెద్దగా రాసి పెట్టండి.

ఇప్పుడు అసలు కష్టం చెప్తాను. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. ఇక్కడ నారు పోసేదీ మనమే, నీరు పోసేదీ మనమే. నలభై రోజుల్లో ఒక్క పూట కూడా మానడానికి లేదు. పెళ్లి ఉందనీ, పిల్లకు జ్వరమనీ, కూలికి వెళ్లామనీ ట్రే వినదు. ఒక్క ఇంటి ఆడమనిషి మీద వేస్తే అది బరువు. పదిమంది ఉన్న సంఘంలో ఒక్కొక్కరికి నాలుగు రోజులే. వంతుల పట్టిక రాసి, ఎవరికి వీలు కాకపోతే ఎవరు వెళ్లాలో కూడా అందులోనే రాయండి. సంఘంగానే చేయమనడానికి కారణం ఇదే.

ఆ కష్టానికి ధర కట్టాలి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, నలభై రోజులు. అంటే నలభై గంటలు, ఎనిమిది గంటల లెక్కన ఐదు రోజుల కూలి. గింజ, పొట్టు, ట్రేలు, నెట్ ఖర్చు రాసి, ఈ ఐదు రోజుల కూలి రాయకుండా మొక్క ధర పెడితే మన చెమటను కొన్నవాళ్లకు ఉచితంగా ఇచ్చినట్టే. "ఇంటి దగ్గర పనే కదా" అని ఎవరన్నా అంటే, మీ ఊళ్లో కూలి రేటు ఎంతో అడిగి పుస్తకంలో రాయండి. అది పోను మిగిలిందే లాభం.

భూమి లేని అక్కలు "మాకేంటి" అని అడుగుతున్నారు. నారుకు ఎకరాలు అక్కర్లేదు, ముందు సంగతి అది. రెండోది, ఉమ్మడిగా కౌలుకు తీసుకుని మడులు పంచుకోవచ్చు. ఇంగ్లండులో 1908 చట్టం కింద ఊళ్లలో స్థలాలు తీసి, భూమి లేనివాళ్లకు చిన్న మడులుగా అద్దెకు ఇస్తూ వచ్చారు. అక్కడ మామూలుగా ఒక్కో మడి మన లెక్కలో సుమారు ఆరు సెంట్లు. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ సంఘాల మహిళలు కలిసి కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత మహిళలే, బీడు భూములు సాగులోకి తెచ్చి, ఊరూరా విత్తన బ్యాంకులు పెట్టుకున్నారు. వాళ్లకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మన రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి కూడా మహిళా సంఘాలే పునాది. అందులో ఇరవై సెంట్లలో రకరకాల కూరగాయలు వేసే పద్ధతిని ఏటీఎం మోడల్ అంటున్నారు. ఏ రోజు కోసినా ఏదో ఒకటి చేతికి వస్తుందని ఆ పేరు.

విత్తన బ్యాంకు మనమూ పెట్టుకోవచ్చు. కానీ ఏ గింజ దాచాలో తెలియాలి. హైబ్రిడ్ కాయలోంచి తీసిన గింజ తల్లిలా కాయదు, దాన్ని దాచొద్దు. నాటు వంగ, గోంగూర, చిక్కుడు, సొర దాచండి. పొడుగు సొర, గుండ్రటి సొర పక్కపక్కన వేస్తే తేనెటీగలు కలిపేస్తాయి. గింజకు ఉంచుకునే రకం విడిగా వేయాలి. వంకాయ పసుపు రంగు తిరిగేదాకా చెట్టునే ఉంచాలి. టమాట గుజ్జు ఒకటి రెండు రోజులు పులియబెట్టి కడిగి ఆరబెట్టాలి. ఆరిన గింజకు కొద్దిగా బూడిద కలిపి బిగుతు మూత సీసాలో పెట్టి, పేరు, తేదీ రాసి అతికించండి. ఆ బూడిద మన కట్టెల పొయ్యిదే కావాలి. థర్మల్ ప్లాంటు బూడిద ఊరంతా దొరుకుతుందని అది వాడొద్దు.

చివరిగా అప్పు మాట. ఏ గ్రామ సంఘమైనా షేడ్‌నెట్‌కు స్త్రీనిధి అప్పో, సమాఖ్య అప్పో అడిగే ముందు ఒక పంట కాలం పది ట్రేలతో చేసి చూడండి. వాకిట్లో నాలుగు గుంజలు పాతి, పాత నెట్ కప్పినా చాలు. పది ట్రేలంటే 980 గింజలు. ఎన్ని మొలిచాయి, ఎన్ని అమ్మాం, ఎన్ని ముదిరి పారేశాం, వంతు ఎవరెవరు తప్పారు, కూలి పోను ఎంత మిగిలింది, ఈ ఐదు మాటలు మినిట్స్ పుస్తకంలో రాయండి. ఆ పేజీ చూసి అప్పు ఇవ్వాలని సమాఖ్యను కోరుతున్నాను. అమ్మకానికి నారు పెంచాలంటే నర్సరీగా ఉద్యాన శాఖ దగ్గర నమోదు కావాలి. 2010లో దానికి చట్టం వచ్చింది. పెద్దగా మొదలుపెట్టే ముందు ఆ కాగితం పని కూడా చేసుకోండి.

ఈ సభ నుంచి వెళ్లాక మీ సంఘం వచ్చే సమావేశంలో ఒక పేజీ తెరిచి, పైన "నారు ఇండెంట్" అని రాయండి. ఎవరికి ఎన్ని మొక్కలు కావాలో ముందు మన సభ్యులనే అడగండి. ఆ పేజీ నిండితే గింజ కొనండి. నిండకపోతే ఈ సీజన్ ఆగండి. ఆగినందుకు నష్టం ఏమీ లేదు.