తొంభై తొమ్మిది పైసల సంగతి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుమాస్తాగా అకౌంట్స్ సెక్షనులో తల నెరిసిన నన్ను కంప్యూటరు గురించి మాట్లాడమనడం విడ్డూరమే. నాకు ప్రోగ్రాము రాయడం రాదు. కానీ ఈమధ్య ఒక ప్రోగ్రామును వేరే భాషలోకి మార్చడంలో మా మనవరాలికి సాయపడ్డాను. ఆ సంగతి మన పింఛన్లకు సంబంధించినదే కనుక మనవి చేస్తాను.

జీతాలు, పింఛన్ల లెక్కలు చాలాచోట్ల కోబాల్ అనే భాషలో రాశారు. 1959లో అమెరికాలో రూపకల్పన మొదలైన ఈ భాష ఆఫీసు లెక్కల కోసమే పుట్టింది. కూడమనడానికి ‘యాడ్’, ఒక గడిలోని అంకెను ఇంకో గడిలో వేయమనడానికి ‘మూవ్’. ఇలా ఇంగ్లీషు మాటలే ఆదేశాలు. ఆ భాష వచ్చినవారు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. అందుకని పాత ప్రోగ్రాములను 1995లో వచ్చిన జావా వంటి భాషల్లోకి మారుస్తున్నారు. మా మనవరాలి ఉద్యోగం అదే.

ఒకరోజు ఫోను చేసి, “తాతయ్యా, పాత ప్రోగ్రాములో పింఛను మొత్తానికి 99 పైసలు కలుపుతున్నారు. ఎవరిదో పొరపాటులా ఉంది. తీసేయనా?” అని అడిగింది.

“ఆగమ్మా. దాని తరువాతి వరుసలో ఏముంది?” అన్నాను.

“ఆ మొత్తాన్ని రూపాయలకు మాత్రమే చోటున్న గడిలోకి మూవ్ చేశారు” అంది. అలా చేస్తే కోబాల్‌లో పైసలు వాటంతట అవే రాలిపోతాయట.

నాకు వెంటనే తట్టింది. పింఛనులో రూపాయి భిన్నం వస్తే పై రూపాయికి పెంచాలని కేంద్ర ప్రభుత్వ నిబంధన. 12,345 రూపాయల 20 పైసలకు 99 పైసలు కలిపితే 12,346 రూపాయల 19 పైసలు. పైసలు రాలితే 12,346. సరిగ్గా పై రూపాయి! లెక్క నిండు రూపాయల్లోనే వస్తే, కలిపిన 99 పైసలూ రాలిపోయి మొత్తం మారదు. అది పొరపాటు కాదు, నిబంధనే. ఎందుకో పక్కన ఒక్క ముక్క రాయలేదు, అంతే.

ఆ వరుస తీసేస్తే భిన్నం ఉన్న ప్రతి పెన్షనరుకూ నెలకొక రూపాయి కోత. ఉంచి, పైసలు రాల్చడం మరిస్తే దాదాపు అందరికీ అదనం. అదనమని సంతోషించకండి. కొన్నేళ్లకు ఆడిట్ అభ్యంతరం, ఆపైన రికవరీ నోటీసు ఎలా వస్తాయో మనకు తెలియనివి కావు.

అప్పుడు అమ్మాయి జావాలో ‘పై రూపాయికి పెంచు’ అని నేరుగా రాసింది. “100 రూపాయలను 1.1తో హెచ్చవేసి చూడు” అన్నాను. 110 రావాలి. 111 వచ్చింది! జావాలో ‘డబుల్’ అనే రకం అంకెలు ఒకట్లు, సున్నాలతో నడిచే లెక్క. అందులో 1.1 ఖచ్చితంగా ఇమడదట. 110 మీద కంటికి ఆనని శేషం మిగిలి, దాన్ని కూడా భిన్నంగా ఎంచి రూపాయి పెంచేసింది. దశాంశాలను ఉన్నదున్నట్టు ఉంచే ‘బిగ్ డెసిమల్’ రకానికి మార్చాక లెక్క కుదిరింది.

చివరికి పాత ప్రోగ్రామునూ కొత్తదాన్నీ అవే పేర్లతో నడిపించి, వచ్చిన రెండు బిల్లులనూ పక్కపక్కన పెట్టి, పైసలతో సహా టిక్కు పెట్టించాను. మనం సర్వీసంతా చేసిన పనే కదా!

నాకు అర్థమైనది ఒక్కటే. మాటకు మాట మారిస్తే అనువాదం కాదు, వెనకనున్న ఉద్దేశం కూడా మారాలి. ఆ ఉద్దేశం భాషలో దొరకదు, పని తెలిసినవారి దగ్గర ఉంటుంది. అందుచేత మిత్రులారా, పిల్లలు అడిగితే “మాకు కంప్యూటరు రాదు” అని తప్పుకోకండి. లెక్క ఎందుకలా వేశామో చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి. మన తరువాత అడగడానికి ఎవరూ ఉండరు.