ప్రవాస గృహములలో అక్షరశిక్షణము
(సంఘ సభలో చేసిన ప్రసంగము)



ఢిల్లీలోని తెలుగు ఉద్యోగుల ఇండ్లలో అక్షరాభ్యాసము నేటికిని సలక్షణముగనే జరుగుచున్నది. వసంతపంచమినాడో, విజయదశమినాడో పళ్లెములో బియ్యము పఱచి, తండ్రి శిశువును ఒడిలో కూర్చుండబెట్టుకొని, వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించును. సెలవు దొరికినవారు బాసర వఱకు పోయి గోదావరి యొడ్డున ఆ వేడుక జరిపింతురు. కొఱత యెల్ల మఱునాటి నుండియే. బియ్యము వంటయింటికి చేరును, పలక అటక యెక్కును. ఎనిమిదేండ్లు వచ్చుసరికి పిల్లవాడు తెలుగు చక్కగా మాటాడును గాని, తాతగారి ఉత్తరము తల్లి చదివి వినిపింపవలసినదే. ఈ లోటును కప్పుటకు ఇప్పుడు చేతిఫోనొకటి వచ్చినది. ఇంగ్లీషు అక్షరములతోనే తెలుగు వ్రాసి పంపుచున్నారు. అది ‘నెల’యో ‘నేల’యో చదువువారు ఊహించుకొనవలెను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఏర్పడిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులలో చేరిన పిల్లలు అదృష్టవంతులు. తక్కినవారికి హిందీ, ఇంగ్లీషు బడులే గతి. వారికి తెలుగు పలక ఇంటిలోనే దొరకవలెను.

అందుకు తండ్రిని నిందించుట న్యాయము కాదు. సాయంకాలము దస్త్రములు ముగించి, బస్సులో నిలుచుండి ఇల్లు చేరినవానికి మిగులునది అరగంట. ఆ అరగంటలో 56 అక్షరములను వరుసగా వల్లె వేయించి, ఒక్కొక్కటి నూఱుమార్లు వ్రాయుమనును. మూడవనాడు పిల్లవాడు ఏడ్చును. నాల్గవనాడు తండ్రికి కార్యాలయములో సమావేశముండును. శ్రద్ధకు లోపము లేదు, మార్గమే సరికాదు.

వర్ణమాల క్రమము నోటికి ఏర్పడినది. కంఠము నుండి పెదవుల వఱకు ధ్వనులు పుట్టు చోట్లను బట్టి హల్లులను పూర్వులు అమర్చిరి. నాలుకకు అది మేలైన వరుసయే గాని, చేతికి కాదు. ఆ వరుసను పట్టుకొన్నచో ఐదేండ్ల చేయి ర వ్రాయుటకు ముందే ౠతో కుస్తీ పట్టవలెను! తాటియాకుపై గంటముతో సూటిగీతలు గీచిన ఆకు చీలును గనుక తెలుగు లిపి గుండ్రనయ్యెనని లిపిచరిత్ర తెలిసినవారందురు. ఏమైనను, చేతికి మొదట రావలసినది వలయమే. సున్న చుట్టగలిగిన పిల్లకు, తలకట్టు పెట్టించిన ర వచ్చును. దాని నడుమ చుక్క పెట్టించిన ఠ వచ్చును. ద కుదిరినపిమ్మట క్రింద ఒక గీత చేర్చిన ధ అగును. వ కుదిరినచో మ దూరము కాదు. వకు తలకట్టు అంటుకొని యుండును, పకు విడిగా నుండును. ఈ చిన్న భేదమును ఒక్కసారియైనను చూపక, రెండును కలిపివేసిన బిడ్డను కన్నులు లేవా యని గద్దించువారున్నారు. ఆ బిడ్డకు కన్నులు బాగుగనే యున్నవి.

1939లో అడయారునకు వచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో, గరుకు కాగితముతో కత్తిరించిన అక్షరములను పిల్లలు వ్రేళ్లతో తడుముదురు. చేయి నేర్చినదానిని కన్ను గుర్తుపట్టును. బియ్యములో వ్రేలు నడిపించు ఆచారము దీనికి ఎంతో దూరము కాదు. ఆ పళ్లెమును ఒక్కనాటితో తీసివేయక నెలదినములు ఉంచిన చాలును.

హిందీ వచ్చినందున తెలుగు చెడునను భయము కొందఱికి కలదు. బడిలో క, ఖ, గ, ఘ నేర్చిన పిల్లకు వరుసయు, గుణింతపు భావమును ముందే తెలిసియున్నవి. సగము పని ఇంకొకరు చేసిపెట్టినట్లే. మిగిలినవి కొలదియే. హిందీ వర్ణమాలలో హ్రస్వములైన ఎ, ఒలు లేవు. కనుక మెడకును మేడకును, నెలకును నేలకును గల తేడా చెవికి వినిపించి, పిదప వ్రాయింపవలెను. ళ కూడ క్రొత్తది. కల, కళ అను జంటతో అది తెలియును. హిందీలో జంటహల్లునకు మొదటి అక్షరము తఱచుగా సగమగును. తెలుగులో అది నిండుగా నిలిచి, రెండవది ఒత్తుగా మాఱును. ఇది చూపుటకు అమ్మ, అక్క, అన్న అనునవి చాలును. ఆ మాటలు పిల్లకు ముందే ప్రియమైనవి.

పది పదునైదు అక్షరములు రాగానే, మాల ముగియువఱకు ఆగక, మాటలు కట్టింపవలెను: వల, తల, పడవ, మర. రెండు నెలలకు అమ్మమ్మకు మూడు పంక్తుల ఉత్తరము వ్రాయింపవచ్చును. అందులో ఒత్తులు తప్పిపోవచ్చును, దీర్ఘములు లోపింపవచ్చును. తండ్రి దానిని దిద్ది తిరిగి వ్రాయింపక, అట్లే తపాలాపెట్టెలో వేయవలెను. అమ్మమ్మ చదువుకొనగలదు.