మైదానంలో వ్యాయామం: చేరేముందు

2025 జూన్ 21న విశాఖ సాగరతీరంలో లక్షలమంది కలిసి యోగాసనాలు వేశారు. మన ఓబులదేవరచెరువులో మీరూ అలా నలుగురితో ఆరుబయట వ్యాయామం చేయాలనుకుంటే, డబ్బు కట్టకముందే ఒకరోజు వెళ్లి పక్కన నిలబడి చూడండి. కొత్తగా వచ్చినవాళ్లను బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతున్నారా? అడగకుండానే అందరిచేతా గెంతులు వేయిస్తుంటే అక్కడ చేరొద్దు. యోగా అయితే, ఆయుష్ మంత్రిత్వ శాఖ 2018లో ఏర్పాటు చేసిన యోగా సర్టిఫికేషన్ బోర్డు ధ్రువపత్రం నేర్పేవారికి ఉందేమో కనుక్కోండి. మొహమాటపడకండి, ఒళ్లు మీది. నేల చూడండి: గులకరాళ్లు, పల్లేరుకాయలు ఏరేశారా? సీమ ఎండాకాలంలో పొద్దెక్కాక పెట్టే క్లాసు అసలే వద్దు. ఎవరికైనా ఛాతీ పట్టేస్తే వెంటనే ఆపించి 108కి ఫోన్ చేయాలన్న తెలివిడి నేర్పేవారికి ఉండాలి.