హాజరు పట్టీకి ఎక్కని పేర్లు



ఈ రోజు ఇక్కడ, భిలాయిలో, పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది తెలుగు కుటుంబాల కథ ఒక రైలు దారిలో మొదలైంది. విజయనగరంలో ఎక్కి రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా వచ్చే దారి అది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యాక, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మనవాళ్లు ఇక్కడికి చేరారు. మట్టి మోశారు, పునాదులు తవ్వారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు.

ఆ రోజుల్లో ప్రభుత్వం ఏం చేసిందో గుర్తు చేసుకోండి. పర్మనెంటు ఉద్యోగికి టౌన్‌షిప్ సెక్టార్‌లో క్వార్టర్ ఇచ్చింది. పిల్లలకు బడి కట్టింది. జబ్బు చేస్తే సెక్టార్-9 ఆసుపత్రి ఉంది. అక్కర ఉన్నప్పుడు, పొట్ట చేతపట్టుకుని వచ్చినవాణ్ణి ఎలా నిలబెట్టాలో మన ప్రభుత్వానికి బాగా తెలుసు. భిలాయి అందుకు సాక్ష్యం.

కానీ ఆ టౌన్‌షిప్ దాటితే క్యాంప్-1, క్యాంప్-2, ఖుర్సీపార్ ఉన్నాయి. అదే రైలు దిగి, అదే ఎండలో పనిచేసి, కాంట్రాక్టరు కిందే ఉండిపోయినవాళ్ల బస్తీలవి. ఈ ఊరిని ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ కూడా పర్మనెంటు, కాంట్రాక్టు కార్మికుల మధ్య దూరాన్నే ప్రధానంగా పట్టుకున్నారు. బతకడానికి సరిపడా కూలి, ఉద్యోగ భద్రత అడిగిన కార్మికులు 1992 జులై 1న పవర్‌హౌస్ రైల్వే స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చుంటే పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా చనిపోయారు. మీలో ఎవరూ అప్పటికి పుట్టలేదు. అయినా ఈ ఊళ్లో చదివినవారు ఆ తేదీ తెలుసుకుని తీరాలి.

ఇప్పుడు ఆ ఉత్తరాంధ్ర పల్లెల నుంచే జనం చెన్నైకీ, హైదరాబాదుకీ భవన నిర్మాణ పనులకు పోతున్నారు. 2014 జూన్ 28న చెన్నై శివార్లలోని మౌలివాక్కంలో కడుతూ ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు ఎందరో ఉన్నారు. అక్కడ వారికి క్వార్టరూ లేదు, సెక్టారూ లేదు. ఉన్నది మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఒక్కటే.

వలస మన తెలుగు నేల వైపుకీ వస్తుంది. అందులో మన బాధ్యత ఇంకా పెద్దది. బస్తర్ పల్లెల నుంచి ఏటా ములుగు, ఖమ్మం ప్రాంతాల మిరప చేలకు కూలీలు వస్తారు. అలా బీజాపూర్ జిల్లా నుంచి వచ్చిన పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక, 2020 లాక్‌డౌన్‌లో పని ఆగిపోతే, తోటివారితో అడవి దారిన ఇంటికి నడిచింది. మూడు రోజులు నడిచింది. ఏప్రిల్ 18న, ఊరు ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉందనగా చనిపోయింది. మన వంటల్లో కారం అయ్యే మిరపకాయలు ఏరడానికి వచ్చిన బిడ్డ ఆమె.

గల్ఫ్‌కు ఎమిగ్రేషన్ అనుమతితో వెళ్లే కూలీకి పది లక్షల రూపాయల ప్రమాద బీమా తప్పనిసరి. గోదావరి దాటి వచ్చే కూలీకి మాత్రం వచ్చినట్టు కాగితం ముక్క కూడా ఉండదు.

చట్టం లేదా అంటే, ఉంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం, వేరే రాష్ట్రం నుంచి ఐదుగురిని తెచ్చినా కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాల్సింది, ప్రతి కూలీకీ పాసుపుస్తకం ఇవ్వాల్సింది, దారి ఖర్చులు పెట్టుకోవాల్సింది. నెల కూలిలో సగం అదనంగా ముట్టజెప్పాల్సింది. నలభై ఏళ్లు కాగితం మీద ఉంది. మేస్త్రీ రాయించలేదు, కార్యాలయాలు అడగలేదు. అందుకే 2020 సెప్టెంబరులో పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడు, లాక్‌డౌన్‌లో కోటి మందికి పైగా వలస కూలీలు ఇళ్లకు తిరిగి వెళ్లారని చెప్పిన కేంద్ర కార్మిక శాఖ, దారిలో ఎందరు చనిపోయారో లెక్క లేదంది. పేరే రాయనివాడి చావు ఏ లెక్కలోకి వస్తుంది?

2025 నవంబరు 21 నుంచి పాత చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమలులోకి వచ్చింది. మేస్త్రీ లేకుండా తనంతట తాను వచ్చిన కూలీని కూడా అది వలస కార్మికుడిగా గుర్తిస్తుంది. అది మంచి మార్పు, మెచ్చుకుంటాను. కానీ ఐదుగురి హద్దును పదికి పెంచింది, ఆ అదనపు భత్యాన్ని వదిలేసింది. మిరప చేలకు, ఇటుక బట్టీలకు చిన్న చిన్న గుంపులుగా వెళ్లేవారికి ఇది నష్టమని నా అభిప్రాయం.

మీరు రేపు ఇంజినీర్లు అవుతారు, అధికారులు అవుతారు. మీ సంతకంతో కాంట్రాక్టర్ల బిల్లులు పాసవుతాయి. సంతకం పెట్టేముందు కూలీల రిజిస్టరు తెప్పించుకోండి. పనిచేసేవాళ్లలో ఎందరి పేర్లు అందులో ఉన్నాయో చూడండి. సైటులోకి వెళ్లి, ఏ ఊరు, కూలి ఎంత చేతికొస్తోంది, పిల్లలు ఎక్కడున్నారు అని వాళ్లనే అడగండి. రిజిస్టరులో లేని పేరు కనబడితే అది రాసేదాకా బిల్లు ఆపండి. ఆ అధికారం ఈ రోజు అందుకున్న పట్టాతోనే మీకు వస్తోంది. వాడండి.