తప్పు స్టీరింగ్‌దేనా?

రిమోట్‌తో నడిచే చిన్న ట్రక్కు గతుకుల్లో పక్కకు లాగితే, చాలామంది స్టీరింగ్ తిప్పే సర్వో మోటారునే అనుమానిస్తారు. ఇంకా బలమైనది కొని బిగిస్తారు. తరచూ అది దండగ ఖర్చే. 1987లో జపాన్ కంపెనీ తమియా తెచ్చిన క్లాడ్ బస్టర్‌నే తీసుకోండి. రెండు మోటార్లు, నాలుగు చక్రాలకూ స్టీరింగ్. కానీ సర్వో ఛాసిస్ మీద ఉంటుంది, చక్రాలేమో యాక్సిల్‌తో పాటు పైకీ కిందికీ ఊగుతాయి. ఆ ఊపుకు మధ్యనున్న రాడ్డు లాగడంతో, మనం తిప్పకుండానే చక్రం తిరిగిపోతుంది. అందుకే దాని అభిమానులు సర్వోను యాక్సిల్ మీదికి మార్చుకుంటుంటారు. సర్వో బలం పెంచినంత మాత్రాన ఈ రోగం కుదరదు.

ములుగు చుట్టుపక్కల వానలు వెలిశాక, ట్రాక్టరు చాళ్లు పడి ఎండిన మట్టిబాట మీద స్ప్రింగుల పాత్ర కూడా ఇట్టే తెలుస్తుంది. స్ప్రింగు బిరుసుగా ఉంటే చక్రం ఎగిరి నేల వదులుతుంది; గాలిలో ఉన్న చక్రం ఎటు తిరిగితే ఏం లాభం? మెత్తని స్ప్రింగు పెడితే మలుపులో బోల్తా కొడుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే బిరుసు స్ప్రింగుకు మళ్లే ముందు బ్యాటరీని వీలైనంత కిందికి దించాలి, షాక్ అబ్జార్బర్లలో కాస్త చిక్కని సిలికాన్ నూనె పోయాలి. బండి ఎంత ఒరగాలో స్ప్రింగు తేలుస్తుంది, ఎంత వేగంగా ఒరగాలో నూనె తేలుస్తుంది. మన ఎండలకు ఆ నూనె పలచబడుతుంది కనుక చలికాలపు సర్దుబాటు మే నెలలో పనికిరాకపోవచ్చు. బండిని జానెడు ఎత్తు నుంచి వదిలి చూడండి: మళ్లీ మళ్లీ ఎగిరితే నూనె పలచన, కొయ్యలా దబ్బున తగిలితే మరీ చిక్కన.