‘తప్పుడు ఉద్దేశం లేదు సార్’ అంటే సరిపోదు



మన ఊళ్లలో నాటు తుపాకి అనగానే ముందు అడవిపంది గుర్తొస్తుంది. జొన్న కంకి వేసే వేళకి రాత్రంతా మంచె మీద కాపలా. మా తాత తుపాకి తుప్పు పట్టి అటక మీద పడి ఉండేది. (ఆయన పోయాక నాన్న స్టేషన్‌లో అప్పగించేశాడు, కంగారు పడకండి.) పట్టుబడ్డ కుర్రాళ్లు చెప్పేది ఒకటే మాట: “పందుల కోసమే సార్, ఎవరినీ ఏమీ చేయాలని కాదు.” అది నిజమే కావచ్చు. కానీ ఆ మాటతో కేసు పోదు.

1959 ఆయుధాల చట్టంలో లైసెన్స్ లేకుండా తుపాకి ఉంచుకోవడమే నేరం. దానితో ఏం చేద్దామనుకున్నావు అన్నది వేరే సంగతి. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడాది నుంచి రెండేళ్లకి పెరిగింది, గరిష్ఠం మూడు నుంచి ఐదేళ్లయింది. తీర్పులో ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప జడ్జి అంతకన్నా తగ్గించలేడు. సంజయ్ దత్ సంగతి మీకు తెలుసు. కుటుంబ రక్షణ కోసమే అన్నాడు. టాడా కింద కుట్ర నేరం నుంచి బయటపడ్డాడు గానీ, ఆయుధాల చట్టం కింద 2013లో సుప్రీంకోర్టు ఐదేళ్ల శిక్ష ఖాయం చేసింది. అంత పెద్ద హీరోకే అలా అయితే మన సంగతి చెప్పాలా!

మరి మనసుతో పనే లేదా? ఉంది. చట్టం అడిగేది ‘చెడ్డ ఉద్దేశం ఉందా’ అని కాదు, ‘తెలుసా’ అని. తుపాకి ఉందన్న ఎరుక ఉండాలి, అది నీ చేతిలోనో నీ అదుపులోనో ఉండాలి అని 1972లో గుణవంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకొకరి దగ్గర దాచినా అదుపు నీదైతే నీదే. బ్యాగులో తూటా ఉందని తెలియని విమాన ప్రయాణికుల మీద కేసుల్ని ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది కూడా ఈ లెక్కనే. న్యాయమే. అన్నదమ్ములంతా ఉండే ఇంట్లో, అటక మీద ఏముందో తెలియని మన పిల్లాడికీ అదే న్యాయం రావాలి కదా? అందరూ ఉండే చోట దొరికితే, తెలుసని నమ్మడానికి కారణం ఉన్నవాళ్లనే పట్టుకోవాలని 35వ సెక్షన్ అంటుంది. ఇంట్లో మగాళ్లందరినీ జీపెక్కించమని అనలేదు. అయితే ఆ కారణం కనపడితే, తెలియదని నిరూపించుకునే భారం మన మీదే పడుతుంది.

ఇక్కడే మనవాళ్లు చిక్కుకుంటారు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. కానీ “ఫలానా చెట్టు కింద దాచాను” అని చెప్పి, అక్కడే తుపాకి దొరికితే ఆ మాట మేరకు చెల్లుతుంది. తెలుసు అనడానికి అంతకన్నా ఏం కావాలి? అందుకే ఖాళీ కాగితం మీద సంతకం, వేలిముద్ర వద్దు. మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లగానే ఉచిత న్యాయ సహాయం అడగండి. ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా అది హక్కు. లాయర్ వచ్చాక ఇంకొకటి చూడమనండి: 3వ సెక్షన్ కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి. ఆ కాగితం ఫైల్లో ఉందా, లేదా?